కాగితపు చుక్క

పండుగల చరిత్రము వ్రాసినవారు దేవతలను గూర్చియు, పురాణకథలను గూర్చియు విరివిగా వ్రాసిరి. గుమ్మమునకు గట్టిన తోరణమును గూర్చి గాని, దానికి నార పేనిన చేతిని గూర్చి గాని వ్రాసినవారు తక్కువ. తోరణము మూడునాళ్లలో వాడును. ముగ్గు మరునాటికి చెరిగిపోవును. కాగితము మంచుకు నానిపోవును. నిలువని వస్తువునకు చరిత్ర యేమి యని కాబోలు. కాని ఒక జనసమూహము తన యింటి ముంగిట మొట్టమొదట దేనిని వ్రేలాడదీసెనో, దానిని ఏ సరుకులతో చేసికొనెనో విచారించినచో, శాసనములు చెప్పని సంగతులు కొన్ని బయటపడునని మా నమ్మకము. అందుచేత గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి మైదానములలో క్రైస్తవ గృహములవారు క్రిస్మసు పండుగకు ఇంటి వస్తువులతో చేసికొను అలంకారములను గూర్చి యిచ్చట కొంత ముచ్చటింపదలచితిమి.

డిసెంబరు మాసమున చిలకలూరిపేటనుండి నరసరావుపేటకు గాని, ఒంగోలునుండి అద్దంకికి గాని ప్రొద్దు గ్రుంకిన పిదప ప్రయాణము చేయువారికి ఒక దృశ్యము కానవచ్చును. బాటకిరువైపుల పత్తిచేలు విచ్చి తెల్లబడియుండును. మిరపతోటలు ఇంకను పచ్చగానే యుండును. వాని పెద్దకోత సంక్రాంతి దాటినపిమ్మట గదా. ఊరికి ఎడముగా, చెరువుకట్ట క్రిందనో, పొలముల యంచుననో ఉన్న పేటలో నిలువెత్తు గడలమీద ఎఱ్ఱని, పచ్చని చుక్కలు వెలుగుచుండును. ఊరిలో ఆ కాలమున చీకటి, పేటలో వెలుగు. ఈ తారుమారు ఎప్పటిది? ఎవరు తెచ్చినది?

తెచ్చినవారు ఒక్కరు కారు. ఫిరంగిపురము మొదలగు గ్రామములందు పదునెనిమిదవ శతాబ్దినుండియు కతోలిక సంఘము కలదు. 1842వ సంవత్సరము జూలై 31వ తేదిన జర్మనీదేశమున బుట్టి అమెరికాలో స్థిరపడిన లూథరను బోధకుడు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరుగారు గుంటూరు చేరిరి. అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్సుగారు ఆయనకు ఆశ్రయమిచ్చిరి. 1866లో అమెరికను బాప్తిస్టు మిషనువారి జాన్ ఎవరెట్ క్లౌగారు ఒంగోలున నివాసమేర్పరచుకొనిరి. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనిది. 1904లో గుంటూరు జిల్లా యేర్పడినపుడు దానిలో చేరి, 1970లో మరల విడివడి, 1972లో ప్రకాశము జిల్లా యను పేరు పొందినది.

ఈ మూడు సంఘములకును పండుగ ఒకటే యైనను అలంకారములు ఒకటి కావు. కతోలికులది పశువుల పాక. 1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామమున అస్సీసీ ఫ్రాన్సిసు అను సన్న్యాసి తొట్టిని, ఎద్దును, గాడిదను నిలిపి క్రీస్తు జననమును చూపెనని ప్రసిద్ధి. మన సీమలో ఆ పాకకు రెల్లుగడ్డి కప్పు, పుట్టమన్ను గుట్ట, మట్టిబొమ్మలు. పండుగకు వారము పదిదినములు ముందుగా మూకుళ్లలో గింజలు చల్లి, మొలిచిన పచ్చికను ఆ గుట్టచుట్టు అమర్చువారు కలరు. పెండ్లిలో పాలికలు పోయుట యెఱిగిన చేతులకును, సంక్రాంతికి బొమ్మలకొలువు చూచిన కన్నులకును ఇందు క్రొత్త యేమియు లేదు.

లూథరనులది చెట్టు. లూథరు మహాశయుడే యొక రాత్రి అడవిలో నక్షత్రములను జూచి ఇంటికి వచ్చి చెట్టునకు దీపములు గట్టెనని యొక కథ కలదు గాని, ఆయన కాలపు వ్రాతలలో దానికి ఆధారము లేదు. నిజముగా తెలిసినది 1605నాటి స్ట్రాస్‌బర్గు పట్టణపు వృత్తాంతము: అచ్చటివారు ఇండ్లలో ఫరు చెట్లను నిలిపి, రంగురంగుల కాగితపు గులాబీలను, ఆపిలుపండ్లను, పలుచని అప్పములను, బంగారురేకులను, మిఠాయిని వానికి గట్టుచుండిరట. చదువరులు ఆ మొదటి మాటను గమనింతురు గాక. కాగితపు పువ్వులు! గాజుగోళములు తరువాతివి, జర్మనీలోని లౌషా గ్రామపువారు పందొమ్మిదవ శతాబ్ది నడుమ వానిని ఊది, యూది, దేశదేశములకు పంపిరి. కాబట్టి క్రిస్మసు చెట్టునకు ఇంట కత్తిరించిన కాగితము పేదవాని సర్దుబాటు గాదు. అదియే దాని పుట్టుక.

ఈ చెట్టు మన నల్లరేగడిలో మొలవదు. దానికి బదులు దొరకినది సరుగుడు. చీరాల, బాపట్ల తీరపు ఇసుకనేలలలో వంటచెరకునకై విరివిగా పెంచు ఈ చెట్టును ఆస్ట్రేలియా మొదలగు దేశములనుండి తెచ్చి, పందొమ్మిదవ శతాబ్దిలో చెన్నపురి రాజధాని తీరమంతట నాటించిరి. సూదులవంటి దాని సన్నని రెమ్మలు దూరమునుండి చూచువారికి ఫరుచెట్టునే తలపించును. ఒక పరదేశపు చెట్టునకు మరియొక పరదేశపు చెట్టు ప్రతినిధి! కాని ఏడెనిమిది తరములు మన పొయ్యిలో మండిన చెట్టును పరదేశి యనుట న్యాయము గాదు. అట్లనినచో మిరపకాయయు పరదేశియే. అది అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి యోడలలో వచ్చినది. గుంటూరు గోంగూర పచ్చడిలో దానిని వలదను శుద్ధవాదిని మేమింతవరకు చూడలేదు.

ఆ సరుగుడు రెమ్మలమీద మంచు పడవలెను. మన భాషలో మంచు అను మాట యొక్కటే. మన బాలురకు అది తెల్లవారుజామున చేలమీద గ్రమ్ముకొను పొగవంటిది. కొమ్మమీద పేరుకొని నిలుచు మంచు వారెఱుగరు. ఆ రెండవ మంచును ఈ సీమవారు పత్తితో చేసిరి. నూర్‌బాషా దూదేకులవారు విల్లుతో ఏకి యిచ్చిన దూదిని వేళ్లతో పలుచగా సాగదీసి రెమ్మలపై పరచుదురు. పండుగ పోగానే ఆ దూది పారవేయబడదు. దీపపు వత్తియగును, దిండులో జేరును. ఇంగ్లండునందు గాని, జర్మనీయందు గాని దూది కొని తేవలసిన వస్తువు. ఇచ్చట మంచు లేదు గాని, దూదికి కొదువ లేదు.

పత్తికిని ఈ పండుగకును వేరొక సంబంధము కలదు. పత్తితీత నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు సాగును. తీయువారు చాలవరకు స్త్రీలు. పూర్వము తీసిన పత్తిలో నొక పాలు కూలిగా నిచ్చుట కలదు, తరువాత రొక్కమైనది. ఏడాదిలో స్త్రీచేతికి నేరుగా నాలుగు కాసులు వచ్చు దినములు ఏవియో, పండుగ ఆ దినములలోనే వచ్చుచున్నది. రంగు కాగితములు, పిల్లలకు క్రొత్తగుడ్డ, రెండు చేరల మైదా—ఈ ఖర్చు ఆ కూలిలోనిది. ఇంటి యజమానుని మెప్పింపవలసిన పని లేక స్త్రీ స్వయముగా నిర్ణయించు ఖర్చు కనుక, ఈ యలంకారములలో స్త్రీల చేయి యెక్కువగా కనబడుటలో వింత లేదు.

ఇక బాప్తిస్టుల సంగతి. వారికి చెట్టును పాకయు రెండును ఆచారములో ముఖ్యములు గావు. మొదటి బోధకులు ఆడంబరమునకు విముఖులు. అయినను ఒంగోలు, అద్దంకి, కనిగిరి ప్రాంతముల గడలమీది చుక్కలు వారి సంఘములవారివే పెక్కు. ఏ మిషనువారు నేర్పితిరని చెప్పుకొనని ఈ చుక్క మూడు సంఘములకును ఎట్లు సామాన్యమైనది? ఈ ప్రశ్నయే మాకు ముఖ్యమైనది. దీనికి సమాధానము చెప్పవలెనన్న, చుక్క గట్టినవారెవరో చెప్పవలెను.

1866లో తాళ్లకొండపాడు నివాసి యర్రగుంట్ల పేరయ్యయు ఆయన భార్యయు బాప్తిస్మము పొందిరి. ఆయన మాదిగ కులస్థుడు. తోళ్ల వ్యాపారమునకై ఊరూర తిరిగినవాడు. 1867 జనవరి 1వ తేదిన ఒంగోలు సంఘము స్థాపితమైనపుడు సభ్యులు ఎనమండుగురు. మాదిగలను చేర్చుకొనినచో తాము రామని పై కులములవారు క్లౌగారితో స్పష్టముగా జెప్పిరి. ఆయన మాదిగలనే చేర్చుకొనెను. పిదప ధాత కరవు వచ్చినది. 1876 మొదలు 1878 వరకు ఈ సీమ మలమల మాడినది. బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును క్లౌగారు గుత్తకు దీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించిరి. కరవు తీరిన పిమ్మట, 1878 జూలై 3వ తేదిన వెల్లంపల్లివద్ద గుండ్లకమ్మ యేటిలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. గుంటూరు వైపున లూథరను సంఘములలో మాలలు విశేషముగా జేరిరి. తిండికొరకు చేరిరని పరిహసించువారు అప్పుడును గలరు, ఇప్పుడును గలరు. తిండి పెట్టని మతమును విడుచుట తప్పని చెప్పుటకు మాకు నోరు రాదు.

ఆ కాలమున వీరి ముంగిళ్లెట్టివి? ఊరివారి యెదుట చెప్పులు తొడుగరాదు, గొడుగు వేయరాదు, మంచి గుడ్డ గట్టరాదు అను కట్టుబాట్లు గల పల్లెలలో ఇంటిని అలంకరించుట యను మాటకే చోటు తక్కువ. ఊరి పండుగలకు డప్పు వీరిది, చెప్పు వీరిది, పందిరి గుంజలు పాతుట వీరిది. పండుగ వీరిది గాదు. కార్తికమాసమున దేవాలయపు ధ్వజస్తంభముపై ఆకాశదీపము వెలుగుచుండగా వీరు ప్రాకారమునకు వెలుపలనుండి చూచుటయే. చెన్నపురి శాసనసభ ఆలయప్రవేశపు చట్టము చేసినది 1947లో. వినుకొండలో 1895న జన్మించి, గుంటూరు లూథరను పాఠశాలలో ఉపాధ్యాయుడుగా నుండిన గుఱ్ఱము జాషువాగారు 1941లో ప్రకటించిన గబ్బిలము కావ్యమున, గుడిలోనికి పోజాలని మనుష్యుడు గుడిలోనికి పోగల గబ్బిలముచేత శివునకు తన గోడు చెప్పి పంపును. ఆ కావ్యమునకు ఈ సీమయే పుట్టినిల్లు.

కార్తికము వెళ్లి మార్గశిరము వచ్చును, క్రిస్మసు వచ్చును. ప్రాకారమునకు వెలుపల నిలిచి ఆకాశదీపమును చూచినవారు తమ పేటలో తామే యొక గడ పాతి, దానిపై నొక దీపమెత్తిరి. ఇది మా యూహ. కాని నిరాధారమని తోచదు. చుక్కను చూరునకు గట్టక పొడవైన గడకు గట్టుటకు వేరొక కారణము కూడ గలదు. ఇండ్లు తాటాకు ఇండ్లు. కాగితపు గూటిలో దీపము. గాలివాటున ఒక్క రవ్వ చాలును. ఇంటికి ఎడముగా, ఎత్తుగా నిలుపుట బ్రతుకు తెలిసినవారి జాగ్రత్త. ఆ జాగ్రత్తయే చుక్కను ఊరివారికి కనబడునంత యెత్తునకు లేపినది.

జర్మనీలోని నీస్కీ పట్టణమున మొరావియను సంఘమువారి పాఠశాలలో పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున క్షేత్రగణితపు అభ్యాసముగా బాలురు కాగితముతో అనేక శృంగముల చుక్కను చేసిరని ప్రసిద్ధి. 1880 ప్రాంతమున అది అంగడి సరకైనది. ఉపాధ్యాయులమగుటచే ఆ వృత్తాంతము మాకు మిక్కిలి ప్రియము. కాని మన చుక్క దాని సంతతి గాదు. దానికి కోణములు ఐదే. ఫిలిప్పీను దీవులలోను, కేరళదేశమునను, మన సీమలోను ఐదు కోణముల చుక్కయే కనబడుచున్నది; మూడును వెదురు దొరకు దేశములు. వెదురుబద్ద తిన్ననిది, తేలికయైనది, కట్టుటకు లొంగునది. సమానమైన ఐదు బద్దలను ఒకదానిపై నొకటి వేసి కట్టినచో, పలకమీద బలపమెత్తకుండ పిల్లలు గీయు చుక్క వచ్చును. కొనల కోణము ఒక్కొక్కటి 36 డిగ్రీలు. ఐదును కలిసి 180. దీనిని పేటలోని పదేండ్ల బాలుడు కొలబద్ద లేకయే సరిపెట్టుట మేము చూచితిమి. అదే బాలుడు తరగతిలో కోణమానినిని చూచి బెదరును. లోపము బాలునిలో లేదు.

చేయు విధమును కొంచెము వివరముగా చెప్పుట మంచిది. చేసి చూడవలెనను కోరిక యే యింటివారికైన కలుగవచ్చును. మేదరులవద్ద తెచ్చిన వెదురును చీల్చి, రెండు మూరల పొడవున పది బద్దలు దీయవలెను. కణుపులు చెక్కి నునుపు చేయనిచో కాగితము చిరుగును. ఐదేసి బద్దలతో రెండు చుక్కలు గట్టి, ఒకదానిపై నొకటి బెట్టి, ఐదు కొనలను గోగునారతో బిగింపవలెను. పిమ్మట లోపలి ఐదు మూలలందును బెత్తెడు పుల్లలను అడ్డముగా దూర్చినచో రెండు ముఖములు ఎడమై, నడుమ బోలుగా ఉబ్బును. ఈ ఐదు పుల్లలే ప్రాణము. వానిలో నొకటి పొట్టియైనను చుక్క మూతి వంకరయగును. మైదాను గంజివలె ఉడికించి, పురుగు పట్టకుండ చిటికెడు మైలుతుత్తము కలిపి జిగురు చేయుదురు. అది విషము గనుక పిల్లల చేతికి ఈయరాదు. చేనిగట్టు నల్లతుమ్మ బంక మరియు మేలు. కాగితమును బిగించి అంటింపక కొంచెము వదులుగా అంటించి, పైన నీళ్లు చిలుకరించినచో ఆరునప్పటికి తానే బిగియును. వెనుక ముఖమున నొక వాకిలి విడువవలెను. ఒకప్పుడు ఆముదపు ప్రమిదయు, కిరసనాయిలు బుడ్డియు, నేడు విద్యుద్దీపమును దానిగుండనే లోనికి బోవును. పొగ పోవుటకు పైకొనవద్ద సందు విడువనివారు మొదటి రాత్రియే పాఠము నేర్చుకొందురు.

క్రింద కత్తిరించిన కాగితపు తోక. మన పెద్దలకు తోకచుక్క అరిష్టము. రాజునకు కీడనియు, క్షామమనియు చెప్పుదురు. 1910లో హేలీ తోకచుక్క వచ్చినపుడు ఆ భయమును కొట్టివేయుచు గురజాడ అప్పారావుగారు గేయము వ్రాయవలసివచ్చినది. ఆ భయము పేటలో లేకపోయెనా యని యొక వృద్ధురాలిని అడిగితిమి. “తోక లేకపోతే అది ఎటు పోతందో ఎట్టా తెలుసుద్ది పంతులుగారూ?” అని ఆమె మమ్ములనే యడిగినది.

మిగిలిన యలంకారములు చిన్నవి, పలువిధములు. పాత లెక్కల పుస్తకపు కాగితములతో గొలుసులు. జొన్నదంటు బెండుతోను, జీలుగుబెండుతోను పక్షులు. పొగాకు సీమ గనుక సిగరెట్టు పెట్టెలలోని వెండికాగితముతో చిన్న చుక్కలు. పత్తి తీసిన పిమ్మట చెట్టుననే యెండి విచ్చుకొనిన కాయడొల్లలు నాలుగైదు రేకుల పువ్వులవలె నుండును. వానికి సున్నము పూసి దారమునకు గ్రుచ్చినచో ఏ గాజుపూసలకును తీసిపోవు. అమెరికాలోని సంఘముల స్త్రీలు పాత రంగుబొమ్మల కార్డులను పెట్టెలలో పంపుట ఆ కాలపు వాడుక; అవి గోడకెక్కినవి. మామిడాకు తోరణము, బంతిపూలు, వాకిట ముగ్గు అన్యాచారములని వారించు బోధకులు నేటికిని కొందరు గలరు. ఆ ప్రసంగమును విని, తల యూపి, ఇంటికి వచ్చి తోరణము గట్టుట స్త్రీల వాడుక. ఈ వివాదమున మేము స్త్రీల పక్షము. మామిడాకు ఏ మతములోను బాప్తిస్మము పొందలేదు.

ఇప్పుడు గుంటూరు అంగళ్లలో ప్లాస్టికు చుక్కలు, మినుకుమినుకుమను దీపపు తీగలు రాసులు పోసి అమ్ముచున్నారు. వానలో తడియవు, నిప్పంటవు, శ్రమ లేదు. పగలంతయు పత్తి తీసి వచ్చిన స్త్రీ ఆ చుక్కనే కొనినచో ఆమెను తప్పుపట్టుటకు మనమెవరము? అయితే చుక్క తగ్గుటకు అంగడి యొక్కటియే కారణము గాదు. 1950 ఆగస్టు 10వ తేది రాష్ట్రపతి యుత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులముల హక్కులు హిందువులకే, 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును విస్తరింపబడినవి, క్రైస్తవులకు లేవు. మన రాష్ట్రమున మతము మారిన దళితులు వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గమున, నూటికి ఒక పాలు కోటాలో నున్నారు. పేరు మార్చవచ్చును, ప్రార్థన తలుపు మూసి చేయవచ్చును; గడమీది చుక్కను దాచుట యెట్లు? బిడ్డ చదువునకు ధ్రువపత్రము కావలసిన యింట చుక్క కట్టుటకు వెనుదీయుదురని మేము వినియున్నాము. ఊరు కట్టడి చేసిననాడు పైకెత్తిన దీపమును ఉత్తరువు చూచి దించుకొనవలసివచ్చుట చిత్రము. ఆ యింటివారు మాలలుగానో మాదిగలుగానో బ్రతుకుట మాత్రము చుక్క కట్టినను కట్టకున్నను మారలేదు. ఊరి టీకొట్టువారిని అడిగినచో ఈ సంగతి చెప్పగలరు.

కట్టువారు మాత్రము నేటికిని కట్టుచునే యున్నారు. జనవరి మొదటి వారము దాటగానే చుక్కను దించుదురు. మంచుకు తడిసి, ఎండకు వెలిసిన కాగితమును ఒలిచివేయుదురు. అది భోగినాడు పిల్లల మంటలో పడును. వెదురు గూడును మంటలో వేయరు. దానిని అటకమీద, పత్తి గోనెలకు ఎగువగా, ఎలుకకందని చోట వ్రేలాడదీయుదురు. కొన్ని యిండ్లలో తాత కట్టిన గూటికే మనుమడు ఏటేట క్రొత్త కాగితము అంటించుచున్నాడు. గోగునార కట్లు కొన్ని మారినవి, బద్దలు అవియే.